ఎవరి చేతి ముద్ద

ఎవరిదైనా కావొచ్చు అన్నది డాక్టరమ్మ. అప్పటినుంచి ఆ మాట చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది, తోలినా పోదు, కొట్టినా చావదు. బీదర్ దవాఖాన వరండాలో ఈ ఇనుప బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తున్నాను. ఎవరిదైనా కావొచ్చంటే వీళ్ళల్లో ఎవరిదైనా కావొచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకున్న పెద్దమనిషి, పిల్లకు బిస్కెట్టు విరిచి నోట్లో పెడుతున్న తల్లి, కిటికీలోంచి చీటీలు అందిస్తున్న అమ్మాయి, ఆమె దగ్గర చీటీ తీసుకుని పళ్ళతో పట్టుకుని చెప్పు సరిచేసుకుంటున్న పోరడు. మొదట ముఖాలు చూశాను. ముఖాల్లో ఏమీ లేదు, అందరూ బాగానే ఉన్నారు. తరువాత చేతులు చూడడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో మనుషుల చేతులను నేనెప్పుడూ ఇట్లా చూడలేదు. చేతుల్లో కూడా ఏమీ లేదు. కంటికి కనబడేదైతే ఇంత తిప్పలు ఎందుకు, నడుము నొప్పి పెడుతోంది, ఈ బెంచీ ఎవరు చేశారో గాని కూర్చునేవాడికి వెన్నెముక ఉంటుందని మరిచిపోయారు.

నా కోడలు విద్య లోపల మంచం మీద పడుకుని ఉంది. ఆమె తలలో పురుగు పిల్ల ఒకటి గూడు కట్టుకుని కూర్చుందట, శనగగింజంత. మిషన్‌లో పెట్టి తల ఫోటో తీసి చూపించారు, నల్లటి దాంట్లో తెల్లటి చుక్క. రొట్టె తడుతూ తడుతూ పొయ్యి పక్కకు ఒరిగిపోయింది. నేను గడపలో కూర్చుని కందిచేను గురించి ఏదో ఆలోచిస్తున్నాను, చప్పుడు ఆగిపోయింది, రొట్టె తట్టే చప్పుడు, అది ఆగినందుకే తల తిప్పాను. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది, కళ్ళు పైకి పోయాయి. సంగమ్మ, నా భార్య, అరుస్తూ తాళంచెవుల గుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో కుక్కింది. అది చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేయి దానంతటదే పోయింది, మా తల్లులు చేసేది, వాళ్ళ తల్లులు చేసేది. డాక్టరమ్మ కన్నడంలో దాని పేరు లాడిహుళ అని చెప్పింది. పైజామా నాడాలాగా సన్నగా పొడుగ్గా, బద్దెలు బద్దెలుగా ఉంటుందట. బద్దెపురుగు. పంది మాంసం సరిగా ఉడకనిది తిన్నవాడి కడుపులో పెరుగుతుంది, మూరలకు మూరలు పెరుగుతుంది, వాడికి ఏమీ కాదు, తింటాడు, తిరుగుతాడు, పనికి పోతాడు. వాడు దొడ్డికి పోయినదాంట్లో గుడ్లు వస్తాయి, అవి గోళ్ళల్లో ఉండిపోతాయి, ఆ చేత్తో వాడు ఎవరికి అన్నం పెడితే వాళ్ళ కడుపులోకి గుడ్లు పోయి, నెత్తుట్లో కలిసి, పైకి ఎక్కి తలలో ఆగిపోతాయి. తిన్నవాడు తిరుగుతూనే ఉంటాడు. తినని మనిషి పొయ్యి దగ్గర పడిపోతుంది. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండోసారి కూడా అంతే చెప్పింది.

మా ఇంట్లో అందరి మెడల్లోనూ తులసిమాల ఉంది. పండరి పోయి వేయించుకున్న మాల, వేసుకున్నవాడు మాంసం ముట్టడు. విద్య పుట్టిల్లు జహీరాబాద్ పక్కన, వాళ్ళు కోడీ మేకా తింటారు, మా ఇంటికి వచ్చాక ఆమె కూడా మాల వేసుకుంది. అందుకని డాక్టరమ్మ నోట్లోంచి పంది అనే మాట రాగానే సంగమ్మ పిల్ల ముఖం వైపు చూసింది. చూపు ఒక్కటే, మాట లేదు. ఇంటికి పోయాక పిల్ల కంచం, చెంబు వేరే గూట్లో పెట్టింది. రోగం పోయేదాకా అంది. చేయి వల్ల వస్తుందని నేను చెప్పాను, నాకు వచ్చినంత మటుకు చెప్పాను, సంగమ్మ విని, విని, చివరికి అయితే భజనలో మృదంగం వాయించే, ఆ పందుల ఇంటి మోహన్‌ది అంది. అంతే. నిప్పు ఒక చూరు మీదనుంచి ఇంకో చూరు మీదికి దూకినట్టు దూకింది. సాయంత్రానికి మా ఊరు మన్నళ్ళి అంతా మోహన్‌ది అంటోంది. అయినా పిల్ల కంచం గూట్లోంచి కిందికి రాలేదు.

ఈవేళ జవాబు వస్తుంది. మా నలుగురివీ, మోహన్‌దీ దొడ్డికి పోయినది పరీక్షకు చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి ఇచ్చాం. అవి పట్టుకుని బస్సులో వస్తుంటే పక్కనున్నాయన ప్రసాదమా అని అడిగాడు, నేను తల ఊపాను. మోహన్‌దని తేలితే మోహన్‌కు భజనలో చోటు ఉండదు. గురునాథ్ పటేల్, మా భజన పెద్ద, ఆ మాట నా వాకిట్లో నిలబడి చెప్పిపోయాడు. సిద్దయ్యా, ఓన్ని తెచ్చింది నువ్వేనాయె, పంపేది గూడ నువ్వే, అన్నాడు. ఎవరిదీ కాదని తేలితే అది ఇంకా కష్టం. అప్పుడు పిల్ల పుట్టింట్లో ఏదో తిని వచ్చిందంటారు, మోహన్ మందు మింగి దాచాడంటారు, ఇద్దరినీ అంటారు, పిల్లను తీసుకుపోయి జహీరాబాద్‌లో దింపి వస్తారు. ఎటు తిరిగినా ఎవరో ఒకరు గడప దిగాలి. అందుకే ఇక్కడ కూర్చున్నాను. ఊళ్ళో కూర్చుంటే అందరూ అడుగుతారు. ఇక్కడైతే ఫోను ఒక్కటే.

నేను మాట్లాడేది తక్కువ. బడికి పోయింది మూడేళ్ళు, కన్నడ బడి, ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, మూడింటి మధ్యన నోరు ఎటు తెరవాలో తేల్చుకునేలోపు నాన్న బడి మాన్పించి ఎద్దుల వెనుక పంపాడు. ఎద్దులకు ఏ భాషైనా ఒకటే. సంగమ్మ కొత్తల్లో ఎవరొచ్చినా చెప్పి నవ్వేది, మా ఆయన పెండ్లినాడు పంతులు సెప్పుమన్న మంత్రం గూడ మింగిండు, అడిగితే ఊఁ అన్నడు, గట్లనే పెండ్లయింది, అని. నిజమే. ఊఁ అంటే పని జరిగిపోతుంది. పొలం పంపకాల్లో ఊఁ అన్నాను, కొడుకు విఠల్ పెళ్ళిలో ఊఁ అన్నాను. నోరు లేని మంచిమనిషి అని ఊళ్ళో పేరు. మాట్లాడకపోవడం మంచితనమో బద్ధకమో ఇన్నేళ్ళలో నేనే తేల్చుకోలేదు, వాళ్ళు ఎట్లా తేల్చుకున్నారో.

మోహన్ బెంచీకి అటు చివర కూర్చున్నాడు. మధ్యలో ఇద్దరు పట్టేంత జాగా వదిలాడు. ఎవరూ వదలమనలేదు. వాడిది పందులు మేపే ఇల్లు, ఊరి బయట. వాడి తండ్రి ఉన్నన్నాళ్ళూ మా వీధిలోకి పందులు వస్తే పిల్లలు రాళ్ళేసేవాళ్ళు, ఆయన దూరంగా నిలబడి దండం పెట్టేవాడు. వీడు వేరేగా పుట్టాడు, వాయిద్యం వినబడితే కాలు నిలవదు. గుడి బయట నిలబడి భజన వినీ వినీ, డబ్బా మీద కొట్టీ కొట్టీ, చివరికి మృదంగం నేర్చాడు, చిమ్కోడ్‌లో ఎవరి దగ్గరో. నిరుడుకు ముందేడు పందులన్నీ అమ్మేసి పండరి పోయి మాల వేసుకుని వచ్చాడు. వచ్చి భజనలో నా ముందు నిలబడ్డాడు. నేను పక్కకు జరిగాను, వాడు కూర్చున్నాడు. అదే నేను వాడికి చేసింది. వాడు వాయిస్తే గురునాథ్ పటేల్ కూడా కళ్ళు మూసుకుంటాడు, తెరిచాక మాత్రం వాడి వైపు చూడడు.

సప్తాహం అయిపోయిన నాడు కాలా ఉంటుంది. జొన్న పేలాలు, పెరుగు, ఉప్పు, పచ్చిమిర్చి అన్నీ ఒకే కుండలో వేసి పిసికి, ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటాం. చిన్నా పెద్దా లేదు, కులం లేదు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు. ఏడాదంతా ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు ఆ ఒక్క పూట ఒకరి వేళ్ళు ఒకరు నాకుతారు. నాకు చిన్నప్పటినుంచీ మా పద్ధతులన్నిటిలో అదొక్కటే నచ్చేది, దానికి మాటలు అక్కరలేదు. కిందటి సప్తాహంలో మోహన్ ముద్ద చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నవాడు పక్కకు తిరిగాడు. వాడి పక్కవాడు కండువా సర్దుకున్నాడు. మోహన్ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది, పెరుగు మోచేతి దాకా కారుతోంది. నేను పోయి నోరు తెరిచాను. నా వెనుక విఠల్ తెరిచాడు. తరువాత విద్య, కొంగు నెత్తిమీదికి లాక్కుని, నవ్వుతూ. ఇప్పుడు అందరూ ఆ ముద్దనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ కుండలో పడ్డ చేతులు ఎన్ని, ఆ రోజు నా నోట్లో ఎంతమంది పెట్టారు, ఒక్క మోహన్ చెయ్యే అందరికీ గుర్తుంది. అసలు అంతకుముందు సప్తాహాల్లో, అంతకుముందు పెళ్ళిళ్ళలో, సంతలో చేత్తో ఎత్తి ఇచ్చిన మిర్చీల్లో, పట్నం మురికికాలువ పక్కన పెరిగిన కొత్తిమీర కట్టల్లో, దేంట్లోనైనా ఉండి ఉండొచ్చు. ఆలోచిస్తే నోట్లో నీళ్ళు చేదవుతాయి.

ఇదేమీ అరుదైన రోగం కాదు అజ్జా, అన్నది డాక్టరమ్మ మొదటినాడే, నన్ను కన్నడంలో తాతా అని పిలుస్తూ. చిన్నపిల్ల, బెంగళూరు వైపు మనిషిలా ఉంది, కళ్ళకింద నలుపు, నాకంటే ఆమే ఎక్కువ అలసిపోయినట్టుంది. మన దేశంలో ఫిట్స్ వచ్చేవాళ్ళను పదిమందిని నిలబెడితే ముగ్గురి తలలో ఇదే ఉంటుందట, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువేనట, మన దగ్గరే కాదు, పందులూ మనుషులూ ఒకే జాగా వాడుకునే దేశాలన్నిటా ఉందట. కడుపులో పెట్టుకుని తెలియకుండా తిరిగేవాళ్ళు ఎంతమందో ఎవరూ లెక్క తీయలేదట, ఎవరూ చెప్పుకోరు కాబట్టి. పదిమందిలో ముగ్గురు. నేను చూసిన ఫిట్స్ మనుషులందరూ అప్పటినుంచి నా ముందు వరుస కడుతున్నారు. మా పెద్దమ్మ హనుమవ్వ అందరికంటే ముందు నిలబడుతుంది, కాలిన చెయ్యి కొంగులో దాచుకుని. ఆమె కూడా పొయ్యి దగ్గరే పడింది. ఆమె మీదికి ఎల్లమ్మ వస్తుందనేవాళ్ళు. నురుగు తుడిచి, పసుపు పూసి, కూర్చోబెట్టి, వాన ఎప్పుడు పడుతుంది, బర్రె ఎటు పోయింది అని అడిగేవాళ్ళు. ఒకనాడు ఎవరూ లేనప్పుడు నేను అడిగాను, పెద్దమ్మా, ఎల్లమ్మ వచ్చినప్పుడు ఎట్ల ఉంటది అని. నాకేం ఎరుక బిడ్డా, నాలుక కరుసుకున్న నొప్పి ఒక్కటే యాదికుంటది, అంది. ఆ నొప్పికి ఇంతమంది కొబ్బరికాయలు కొట్టారు. పక్కింటి పింకి, బడిలో ప్రార్థన చేస్తూ పడింది, చెప్పు వాసన చూపించారు, లేచింది, మర్నాటినుంచి బడి లేదు, ఇంట్లోనే, తలుపు వెనుక, ఆ తలుపు చాటునుంచి చూసే చూపు ఇప్పటికీ కనబడుతుంది. వీళ్ళందరి తలల్లోనూ శనగగింజలే ఉన్నాయేమో. తెల్లచుక్కలు. దేవుడు కాదు, గాలి కాదు, ఎవడిదో కడగని చెయ్యి.

కడగడం అంటే కూడా, మేం కడగలేదా. మాకు శుచి లేదా. తెల్లవారకముందే చెంబు పట్టుకుని వాగు ఒడ్డుకు పోయేవాళ్ళం, పోయి వచ్చి మట్టితో చెయ్యి తోముకునేవాళ్ళం, మూడుసార్లు, తాత చూపించినట్టు. ఆ మట్టి ఎక్కడిది. ఆ ఒడ్డుదే. రోజూ ఊరంతా కూర్చునే ఒడ్డుది, పందులు ముట్టె పెట్టి తిరిగే ఒడ్డుది. ఎంత గట్టిగా తోమితే అంత శుచి అనుకున్నాం. సర్కారు కట్టించిన మరుగుదొడ్డి మా ఇంటి వెనుక ఉంది, దాంట్లో సంగమ్మ పిడకలు పెట్టింది, ఎదురింటివాళ్ళు కందికట్టె పెట్టారు. ఇంటికి అంత దగ్గరగా ఆ పని చేయడం మైల అని. మైల ఎక్కడుందని వెతికామో, అది ఎక్కడుందో. తలుచుకుంటే కోపం రావాలి, రావడం లేదు, కోపానికి కూడా ఒంట్లో కొంచెం సత్తువ ఉండాలి.

"సిద్దయ్య మామ, చాయ్ తెస్త," అన్నాడు మోహన్.

"వద్దు."

"పొద్దుగాల్నుంచి గిట్లనే కూసున్నవ్. గా బెంచీ కంటె నువ్వే గట్టిగున్నవ్."

నేను నవ్వలేదు గాని వాడికి తెలుసు, నవ్వినట్టే. వాడే మళ్ళీ అందుకున్నాడు. "నాదే అయితది మామ. మా ఇంట్ల పుట్టినోడు పాలకంటె ముందు పంది తిన్నడని పటేల్ అన్నడు గద. నేనన్న, పాలు గూడ గదే ఇచ్చింది పటేలా అని." నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "నాదైతె మృదంగం మీ ఇంట్ల పెట్టి పోత. ఎండల పెట్టనియ్యకు, తోలు పగుల్తది. ఎవలన్న నేర్సుకుంటమంటె ఇయ్యి. నేను బయట నిలవడి భజన ఇంట, ముందుగాల ఇన్నట్టు. గంతే గద." గంతే గద అన్నాడు. వాడు ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది. నేనేదో అనాలి. నీదైనా కాకపోయినా నువ్వు రావాలి అనాలి. మాటలు గొంతుదాకా వచ్చి, అక్కడ ఎద్దుల్లాగా నిలబడిపోయాయి. వాడు నా వైపు చూడకుండా లేచాడు, చాయ్ తెస్తానని చెప్పకుండానే చాయ్ కోసం పోయాడు.

విద్య కడె యారు, అని నర్సు అరిచింది, విద్య తరఫువాళ్ళు ఎవరు అని. నేను లేచాను. మోకాళ్ళు తరువాత లేచాయి.

డాక్టరమ్మ ముందు ఇంకెవరివో కాగితాలు ఉన్నాయి, వాటిని పక్కకు నెట్టి మావి తీసింది. మీకేమీ లేదు అజ్జా. మీ ఆమెకు లేదు. విద్యకు కడుపులో లేదు, తలలో ఉన్నదే. మోహన్‌కు లేదు. ఇక్కడ ఆగి అడిగింది, విఠల్ ఎవరు? నా కొడుకు అన్నాను. మళ్ళీ చెప్పాను, నా కొడుకు, విద్య పెనిమిటి. ఆయనకుంది, అన్నది. మామూలుగా అన్నది, జ్వరం ఉంది అన్నట్టు. ఒక్కసారి మందు మింగితే పోతుంది, తరువాత మళ్ళీ పరీక్ష చేద్దాం, విద్యకు మాత్రం మాత్రలు చాలా నెలలు, నయమవుతుంది, భయపడకండి, ఎవరినీ తిట్టకండి. చాలాసార్లు ఇంట్లో మనిషిదే అవుతుంది, పక్కన కూర్చుని తినేవాళ్ళదే. ఈ మాటలు ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో, అరిగిపోయి నున్నగా ఉన్నాయి. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. బెంచీ మీద నా జాగా అట్లాగే ఉంది.

మోహన్‌ది కాదు. పిల్లది కాదు. ఇవి రెండూ మంచి మాటలే, ఇందుకోసమే ఇంతసేపు కూర్చున్నాను. విఠల్ చిన్నప్పటి చెయ్యి గుర్తొస్తోంది, నా వేలు పట్టుకుని పండరి తోవలో నడిచిన చెయ్యి, పేలాలు గుప్పిట్లో పట్టక రాలుస్తూ. తరువాత ఇంకొకటి గుర్తొచ్చింది, దాన్ని రానివ్వకుండా ఉండాలని చూశాను గాని వచ్చింది. పిల్ల కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అందరిముందు తినేది కాదు, సిగ్గు, పుట్టింటి మీద బెంగ. అందరం తిన్నాక అరుగు అవతల ఇద్దరూ కూర్చునేవాళ్ళు. విఠల్ అన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటికి అందించేవాడు. వద్దంటూనే తినేది. నేను చెంబు కోసం లేచినప్పుడు ఒకసారి చూశాను, చూసి వెనక్కి తిరిగి దప్పికతోనే పడుకున్నాను, చెంబు చప్పుడైతే లేచిపోతారని. చీకట్లో సంతోషపడ్డాను. నేను సంగమ్మకు జన్మలో ఒక్క ముద్ద పెట్టలేదు, నా కొడుకు పెడుతున్నాడు, నాకంటే మంచివాడయ్యాడు అనుకున్నాను. ఆ ముద్దే. ఆ ముద్దలోనే పోయింది లోపలికి. ప్రేమగా, మెత్తగా కలిపి, నెయ్యి వేసి.

విఠల్ నౌబాద్ నుంచి బండి మీద వచ్చాడు. అక్కడ రేకులు కోసే చిన్న ఫ్యాక్టరీలో పని, చొక్కా మీద నూనె మరకలు, చేతిలో హెల్మెట్. నా ముఖం చూశాడు. ఏమన్నరు బాపు అని అడగబోయి అడగలేదు. పక్కన కూర్చున్నాడు. మోహన్ వదిలిన జాగాలో.

"నాదేనా?"

తల ఊపాను. వాడు హెల్మెట్ పట్టీ తీసి పెట్టి, తీసి పెట్టి, కిందికి చూస్తూ చెప్పాడు. "యూనిట్ల పోరగాండ్లు ఎనుక షెడ్డుకాడ వండుకుంటరు బాపు. ఒక్కసారె తిన్న. ఒక్కసారంటె... అప్పుడప్పుడు."

"మాల?"

"తీసి జేబుల పెట్టుకుంటుంటి." హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకున్నాడు. "దొడ్డికి పోతె సొరగింజల లెక్క పడుతుండె, తెల్లగ. కదులుతుండె బాపు. భయమైతుండె. ఎవలికి జెప్పాలె? జెప్తె ఏం తిన్నవని అడుగుతరు. అదే పోతదనుకున్న."

అదే పోతుందనుకున్నాడు. కడుపులో మూరలకు మూరలు మోస్తూ, రోజూ పనికి పోతూ, వస్తూ, సిగ్గుతో నోరు మూసుకుని. నా కొడుకే. ఆ నోరు మూసుకోవడం ఎక్కడ నేర్చాడో నన్నెవరూ అడగనక్కరలేదు. వాడు నా దగ్గరికి జరిగాడు, చిన్నగా మాట్లాడుతున్నాడు, వరండాలో ఎవరైనా వింటారని. "బాపు, ఎవలిది గాదంట అని చెప్పు. డాక్టరును అడిగేటందుకు ఊర్లకెల్లి ఎవలొస్తరు? ఇంట్లందరం మందు ఏసుకుందం, అయిపాయె. పటేలు ముందల నా ఇజ్జత్ పోతది, విద్య నా దిక్కు సూడది ఇగ. నువ్వు అబద్ధం గూడ ఆడకు. నువ్వెట్లైనా మాట్లాడవు గద. మాట్లాడకుంటె సాలు."

మాట్లాడకుంటే చాలు. ఇంతకంటే సులువైన పని ఎవరూ నాకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు వచ్చిన పని అదొక్కటే, నా వయసంతా చేసిన పని. కందిచేను, భజన, ఇల్లు, ఈ బెంచీ. నేను ఊరికే ఉంటే విఠల్ మిగులుతాడు. నా వంశం, నా పేరు, ఊళ్ళో సంగమ్మ తలెత్తుకుని తిరగడం. మోహన్ బయట నిలబడి వింటాడు, వాడికి అలవాటే. పిల్ల పుట్టింటికి పోతుంది, తలలో చుక్కతో, మాత్రల సంచితో, ఏ తలుపు వెనుకనో. ఎవరూ నన్ను తిట్టరు. సిద్దయ్య పాపం ఏం చేస్తాడంటారు. నిద్ర వస్తున్నట్టుంది, కళ్ళు మూస్తే ఇక్కడే పడుకుంటాను, ఎవరన్నా వచ్చి లేపేదాకా. ఈ లోపల అన్నీ వాటంతటవే అయిపోతాయి, ఊఁ అన్నట్టుగానే.

మోహన్ మూడు కాగితపు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని వచ్చాడు, పైన పట్టుకుంటే కాలుతోందని వేళ్ళు మార్చి మార్చి పట్టుకుంటూ. నాకొకటి ఇచ్చాడు, విఠల్‌కు ఒకటి. "తాగన్న. వదినె లేసింది, లోపలికెల్లి వస్తున్న. నిన్నే అడుగుతాంది." డాక్టరమ్మ పిలిచిందని వాడికి తెలుసు, వచ్చే దారిలో నర్సు చెప్పే ఉంటుంది. అడగలేదు. నా ముఖం వైపు ఒకసారి చూసి, తన గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోవడానికి జాగా ఉంది. కూర్చోలేదు.

ఫోను మోగింది. తీయాలనిపించలేదు. తీశాను.

"ఏమయ్యా, ఏమన్నరు?" సంగమ్మ. వెనుక చాలామంది ఉన్న చప్పుడు. "గురునాథన్న, అందరు ఈడనే మన వాకిట్ల కూసున్నరు. ఫోను పెద్దగ పెట్టిన, జెప్పు."

నేను చెప్పేలోపు పటేల్ గొంతు వచ్చింది. "సిద్దయ్యా, ఓడు పక్కకున్నడా? ఉంటె మొహమాటపడకు. నాకు సమజైతది. ఓనిదే అయితె ఊఁ అను సాలు."

విఠల్ నన్నే చూస్తున్నాడు. వాడికి ఫోనులో మాట వినబడుతోంది, మోహన్‌కు కూడా, ఈ ఫోనుకు గొంతు పెద్దది. మోహన్ చాయ్ తాగడం ఆపాడు. ఊఁ అంటే ఇంటికి పోవచ్చు. దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. 

"కాదు," అన్నాను.

"ఆఁ? ఏమన్నవ్?"

"మోహన్‌ది కాదు. మోహన్‌కు ఏం లేదు. మన విఠల్‌ది." ఇంక ఆగితే మళ్ళీ రాదని తెలుసు, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. "పంది తిన్నడు. మాల దీసి తిన్నడు. ఆని చేతి ముద్దతోనే పిల్లకు వచ్చింది. పిల్ల ఏం తినలె, ఏడ తినలె. ఆమె కంచం కిందికి దించు."

అవతల అంతమంది మాట్లాడకుండా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు. ఒక కోడి అరిచింది, మా కోడి కాదు, మాకు కోళ్ళు లేవు, పక్కింటిది. ఎవరో దగ్గారు. నులకమంచం కిర్రుమంది, పటేల్ లేచినట్టున్నాడు, ఏదో గొణిగాడు, చెప్పులు జారిపోయే చప్పుడు, ఒక జత, తరువాత ఇంకో జత. ఇక్కడ విఠల్ మెడ వంచేశాడు, గ్లాసులో చాయ్ మీద మీగడ కడుతోంది. మోహన్ గోడకే ఆనుకుని ఉన్నాడు. సంతోషపడతాడనుకున్నాను. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, విఠల్‌నే చూస్తున్నాడు. తన చేతి ముద్ద తిననివాళ్ళు ఎట్లా చూస్తారో వాడికంటే ఎక్కువ ఎవరికి తెలుసు.

ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. తలుపు వేసిన చప్పుడు, ఇప్పుడు సంగమ్మ ఒక్కతే, గొంతు దగ్గరగా, వేరేగా ఉంది.

"పిల్ల ఏమన్న తిన్నదా?"

"పొద్దుగాల్నుంచి ఏం తినలె."

ముక్కు చీదిన చప్పుడు. గిన్నె కింద పెట్టిన చప్పుడు. "వస్తున్న. జొన్న గటక కాసుకోని వస్త. నేనొచ్చేదాకా ఎవ్వలతోని పెట్టనియ్యకు, నేనే పెడుత." ఆగి, "ఆడు ఉన్నడా పక్కకు?"

"ఉన్నడు."

 ఫోను పెట్టేసింది.

నర్సు తలుపులోంచి తల బయట పెట్టి విఠల్ వచ్చాడా అని కన్నడంలో అడిగింది, ఆ పిల్ల అడుగుతూనే ఉంది, నాకు పని లేదా అని విసుక్కుంది. విఠల్ కదలలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. "బాపు, నువ్వు రా. నువ్వే జెప్పు. నాతోని కాదు."

ఊరికి చెప్పింది చాలు. పటేల్‌కు చెప్పింది చాలు. నాలో ఉన్నవన్నీ అయిపోయాయి. వాడి చెయ్యి మెల్లగా విడిపించి వాడి ఒళ్ళోనే పెట్టాను.

"పో. నువ్వే చెప్పాలె."

వాడు చాలాసేపటికి లేచాడు. మోహన్ ముందుకు వచ్చి వాడి చేతిలోని హెల్మెట్ తీసుకున్నాడు. విఠల్ తలుపు దాకా పోయి అక్కడ ఆగి, లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. మొదట ఏమీ వినబడలేదు. తరువాత విద్య గొంతు, బలహీనంగా, ఇంత సేపా అంటోంది. తరువాత వాడి గొంతు మొదలైంది.